వడ్లకు అప్పు పుట్టింది, ఇంటికి పుట్టలేదు

మహానది మైదానం – 9వ భాగం

1900 జనవరిలో పేండ్రా రోడ్ నుంచి ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ అనే హిందీ మాసపత్రిక వెలువడింది. సంపాదకులు మాధవరావు సప్రే, రామరావు చించోల్కర్. ప్రచురణ బాధ్యత నెత్తిన వేసుకున్నది వామన్‌రావు లఖే. మూడేళ్లు నడిచి 1902 ఆఖరుకి పత్రిక ఆగిపోయింది. సప్రేకి హిందీ సాహిత్య చరిత్రలో పెద్దపీట వేశారు. అచ్చు ఖర్చుల సంగతి చూసుకున్న మనిషిని ఆ చరిత్ర ఒక్క వాక్యంతో సరిపెట్టింది. ఈ వారం కథ ఆ ఒక్క వాక్యంలో మిగిలిపోయిన మనిషితో మొదలుపెడదాం.

లఖే 1872లో పుట్టారు. 1904లో లా పట్టా పుచ్చుకుని రాయపూర్‌లో ప్రాక్టీసు పెట్టారు. వకీళ్లకు ఆ రోజుల్లో ప్రధానమైన రాబడి అప్పుల దావాలే. రైతు మీద సావుకారు వేసేవి, సావుకారు మీద ఇంకో పెద్ద సావుకారు వేసేవి. ఆ కాగితాలు దినమూ తిరగేసే మనిషికి పల్లె ఎక్కడ కారిపోతోందో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

పోయిన భాగంలో చూశాం: 1896–97లో ఒక కరువు, అది తేరుకోకముందే 1899–1900లో ఇంకోటి. విత్తనాల గాదె ఖాళీ అయింది, ఎడ్లు కబేళాకో, అయినకాడికో పోయాయి. వానలు మళ్లీ పడ్డాక రైతుకు కావలసింది రెండే: విత్తనం, ఎడ్ల జత. రెండూ సావుకారు గుమ్మంలోనే దొరుకుతాయి. విత్తేటప్పుడు తెచ్చుకున్న వడ్లకు కోతలయ్యాక పావు వంతు కలిపి కొలిస్తే సవాయి, సగం కలిపి కొలిస్తే డేఢీ. తెలంగాణ పల్లెల్లో మన పెద్దవాళ్లు నాగు అన్నదీ ఇదే బాపతు. ఏడాదికి పాతిక, యాభై శాతం అనుకుంటే పొరపాటు. వడ్లు పుచ్చుకున్నది జ్యేష్ఠంలో, కొలిచేది మార్గశిరంలో. ఆరు నెలలకే ఆ వడ్డీ. పైగా పుచ్చుకునేటప్పుడు గింజ ధర చుక్కలంటుతుంది, తిరిగి కొలిచేటప్పుడు నేలమీద ఉంటుంది.

1913లో లఖే రాయపూర్‌లో సహకార కేంద్ర బ్యాంకు పెట్టించారు. 1936 దాకా గౌరవ కార్యదర్శిగా ఉన్నారు, ఆ తర్వాత అధ్యక్షులయ్యారు. గౌరవ అంటే జీతం లేదని అర్థం. ఇరవై మూడేళ్లు జీతం లేకుండా బ్యాంకు పద్దులు చూడటం ఎంత పనో పద్దులు రాసినవాళ్లకే తెలుస్తుంది. ఆ బ్యాంకు ఇప్పటికీ ఉంది, జిల్లా సహకార కేంద్ర బ్యాంకు పేరుతో.

దీనికి విత్తనం పడింది మన వైపే. మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని యూరప్ పంపి, రైతులకు అప్పులిచ్చే పద్ధతులు చూసి రమ్మంది. 1895లో, 1897లో ఆయన రెండు సంపుటాల నివేదిక ఇచ్చారు. జర్మనీలో రైఫైజెన్ పెట్టిన పల్లె సంఘాలు ఆయనకు బాగా నచ్చాయి. దాని ఫలితంగా 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1912లో ఇంకో చట్టం వచ్చి, అప్పుల సంఘాలతో పాటు అమ్మకాలకూ ఉత్పత్తికీ ఇళ్లకూ సంఘాలు పెట్టుకోవచ్చునంది, జిల్లా స్థాయిలో కేంద్ర బ్యాంకులకు దారి తీసింది. రాయపూర్ బ్యాంకు ఆ మరుసటి ఏడే పుట్టింది. చట్టం ఇళ్ల సంఘాలకూ తలుపు తెరిచిందని గుర్తు పెట్టుకోండి, దానితో మనకు పనుంది.

పద్ధతి ఇదీ. రాయపూర్ పట్నంలో వకీళ్లు, వ్యాపారులు, మాల్గుజార్లు (ఊరి శిస్తు వసూలు చేసే భూస్వాములు) బ్యాంకులో డిపాజిట్లు వేస్తారు. బ్యాంకు ఆ డబ్బును పల్లె సంఘాలకు ఇస్తుంది. పల్లెలో పదిమందో పాతికమందో చేరి సంఘం కట్టుకుంటారు. ఒక సభ్యుడు ఎడ్లకు అప్పు కావాలంటాడు. మిగిలినవాళ్లు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అతని బతుకంతా తిరగదోడతారు. ఎన్ని ఎకరాలు, కిందటేడు ఎన్ని ఖండీలు పండాయి, సావుకారు పాత బాకీ ఎంత, తాగుతాడా, పోయిన ఎడ్లను ఎందుకు అమ్ముకున్నాడు, కూతురి పెళ్లి ఎప్పుడు పెట్టుకున్నాడు. పట్నం బ్యాంకు మేనేజరు పది కాగితాలు చూసినా తెలియని సంగతి వీళ్లకు చూడకుండానే తెలుసు. ఇంత గట్టిగా అడగడానికి కారణం ఉంది. పూచీకి పరిమితి లేదు. ఒకడు ఎగ్గొడితే మిగిలినవాళ్ల పొలాల మీదికి వస్తుంది. సంఘానికి మిగిలిన లాభం ఎవరూ పంచుకోకూడదు, నిధిలోకే పోవాలి. ఇచ్చే డబ్బుకు యజమాని లేడు, ఉన్నదల్లా పూచీదారులే.

ఆ అప్పులు విత్తనాలకు, ఎడ్లకు, పాత బాకీ విడిపించుకోవడానికి వెళ్లాయి. ఎడ్ల పేరున తీసుకున్నవి కొన్ని పెళ్లి విందుకు వెళ్లి ఉంటాయని వేరే చెప్పాలా? ఇంటికి మాత్రం వెళ్లలేదు. చట్టం అడ్డు చెప్పకపోయినా వెళ్లలేదు.

ఎందుకో చూద్దాం. ఛత్తీస్‌గఢ్ మైదానం మాల్గుజారీ దేశం. ఊరికి ఒక మాల్గుజారు. పొలం మీద రైతుకు సాగు హక్కు ఉంది, దాని పంట మీద అప్పు పుడుతుంది. గ్రామకంఠం మాత్రం మాల్గుజారుది. అందులో ఇల్లు వేసుకుని ఉండే హక్కు రైతుకు ఉంది, కానీ బ్యాంకు నమ్మి తాకట్టు పెట్టుకునేంత హక్కు కాదది. ఇంటి సంగతీ అంతే. మట్టి గోడలు, సాల కర్ర దూలాలు, వెదురు వాసాలు, పైన కుమ్మరి చేసిన నాటు పెంకు. ఏటా తొలకరికి ముందు ఆ పెంకంతా దింపి, పగిలినవి తీసేసి, పుచ్చిన వెదురు మార్చి మళ్లీ నేయించుకోవాలి. ఒక్క ఏడు బద్ధకిస్తే గోడ తడుస్తుంది, రెండో ఏడు కూలుతుంది. ప్రతి ఏడూ సగం కొత్తగా కట్టుకోవలసిన ఇంటి మీద ఇరవై ఏళ్ల అప్పు ఎవడిస్తాడు? అసలు రైతు కూడా దాన్ని అప్పు చేసి కట్టుకోవలసిన వస్తువుగా చూడలేదు. మట్టి చెరువుది, కర్ర అడవిది, కష్టం అన్నదమ్ములది. అడవి మీద సర్కారు కంచె పడ్డాకే ఆ లెక్క తప్పింది. వెదురు కొనుక్కోవలసి వచ్చింది.

ఇదే కాలంలో ఇళ్ల కోసమే పుట్టిన సంఘాలు దేశంలో లేకపోలేదు. 1909లో బెంగళూరు గృహనిర్మాణ సహకార సంఘం వచ్చింది. 1915లో బొంబాయి గామ్‌దేవిలో తల్మాకి నాయకత్వాన సారస్వత బ్రాహ్మణుల సంఘం ఇళ్లు కట్టుకుంది. ఇవి చక్కగా నడిచాయి. సభ్యులంతా గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వకీళ్లు. ఒకటో తారీఖున జీతం వస్తుంది, వాయిదా కడతారు. ఇంగ్లండులో ఇంకా ముందే, 1862లో పీబాడీ అనే అమెరికా వర్తకుడు లక్షన్నర పౌండ్లిచ్చి లండన్ పేదలకు ఇళ్లు కట్టించమన్నాడు. ఆ కాలంలోనే కొందరు పెద్దమనుషులు కంపెనీలు పెట్టి, ఐదు శాతం మించి లాభం తీసుకోమని ఒట్టు పెట్టుకుని కార్మికులకు అద్దె ఇళ్లు కట్టారు. పుణ్యానికి పుణ్యం, ఐదు శాతానికి ఐదు శాతం. అక్కడా అద్దె వారంవారం కట్టగలిగినవాడికే గది దొరికింది. రేవుల్లో రోజుకూలీ ఎప్పటిలాగే మురికిపేటలోనే ఉన్నాడు. ఇంటికి పెట్టుబడి పెట్టేవాడు ధర్మాత్ముడైనా సరే, ముందు చూసేది ఎదుటివాడి నెలసరి రాబడే. రాయపూర్ రైతుకు నెలసరి రాబడి అన్న మాటే లేదు, ఉన్నది కోతల రాబడి. అందుకే లఖే చేతిలో ఉన్న పనిముట్టు పొలం దాకా వెళ్లి గడప దగ్గర ఆగిపోయింది. దాన్ని ఆయన తప్పుగా లెక్క కట్టలేం.

1916లో తెల్లవారిచ్చిన రాయ్ సాహెబ్ బిరుదును లఖే 1920లో తిరిగిచ్చేశారు. 1930 సత్యాగ్రహంలో రాయపూర్ జనం తమ ఐదుగురు నాయకులకు పంచపాండవులని పేరు పెట్టుకున్నారు. లఖే ధర్మరాజు. జైతూసావ్ మఠం మహంతు లక్ష్మీనారాయణ దాస్ భీముడు. మౌలానా అబ్దుల్ రవూఫ్ నకులుడు, శివదాస్ డాగా సహదేవుడు. బ్యాంకు కార్యదర్శి, మఠాధిపతి, మౌలానా, మార్వాడీ వ్యాపారి. ఆ ఊరి పెట్టుబడీ పలుకుబడీ ఎవరి చేతుల్లో ఉన్నాయో ఈ పాండవుల జాబితానే చెబుతుంది. ఇక అర్జునుడు ఠాకూర్ ప్యారేలాల్ సింగ్.

ప్యారేలాల్ తీరు వేరు. 1891లో రాజనందగావ్ దగ్గర దైహాన్ పల్లెలో పుట్టారు. లఖే అప్పుల కాగితాల్లోంచి పల్లెను చూస్తే, ఈయన మిల్లు గేటు దగ్గర నిలబడి చూశారు. రాజనందగావ్ సంస్థానంలో బెంగాల్ నాగపూర్ కాటన్ మిల్లు ఉండేది. ముందు రాజుగారిది, తర్వాత షా వాలెస్ చేతుల్లోకి పోయింది. 1920లో అక్కడి కార్మికులు నెల దాటి పని ఆపేశారు. దేశంలోనే తొలి రోజుల పెద్ద సమ్మెల్లో అదొకటి. దాన్ని నడిపింది ప్యారేలాల్. తర్వాత ఇంకో సమ్మె నడిపితే సంస్థానం పొలిమేరలు దాటించారు. ఆయన రాయపూర్ వచ్చి స్థిరపడ్డారు. 1930లో పట్టాలు పుచ్చుకోవద్దని రైతులకు చెప్పి జైలుకెళ్లారు. 1937లో రాయపూర్ మునిసిపాలిటీ అధ్యక్షులయ్యారు, ఆ తర్వాత మరో రెండుసార్లు ఎన్నికయ్యారు.

పక్కనే ఇంకో పని జరిగింది. 1938 దాకా ఛత్తీస్‌గఢ్‌లో కాలేజీ లేదు. డిగ్రీ కావాలంటే నాగపూర్ రైలెక్కాలి. ప్యారేలాల్, ఆయన మిత్రులు విద్యాసంఘం ఒకటి పెట్టి చందాలు పోగేశారు. బారిస్టర్ జె. యోగానందం ప్రిన్సిపాల్‌గా ఛత్తీస్‌గఢ్ కాలేజీ తెరిచారు. పేరు వింటే మనవాడే అనిపించే ఆ బారిస్టర్ పేరు ఇప్పుడు కాలేజీ పేరులో కలిసిపోయింది. ఊరి డబ్బుతో ఊరికి కాలేజీ. తర్వాతి కాలంలో దూధాధారీ మఠం ఆడపిల్లల కాలేజీకి ఇదే పని చేసింది. చదువుకు, గుడికి, ధర్మసత్రానికి ఈ ఊరు చందాలివ్వడంలో ఎన్నడూ వెనకాడలేదు. సత్రంలో యాత్రికుడు మూడు రాత్రులు ఉండొచ్చు. అదే ఊళ్లో రిక్షా లాగేవాడు ముప్పై ఏళ్లు ఎక్కడ ఉండాలన్నది చందా పుస్తకాల్లోకి ఎక్కలేదు.

ప్యారేలాల్ చేతిమీదుగా ఇంటికి దగ్గరగా వచ్చిన ప్రయత్నం ఒక్కటుంది. ఇళ్ల సంఘం కాదది, నేతగాళ్ల సంఘం.

యుద్ధం రోజులవి. 1943లో బట్ట మీద, నూలు మీద కంట్రోలు పెట్టారు. నూలు కోటా వ్యాపారి చేతికి పోతే చీకటి బజారుకు తరలిపోయేది, మగ్గం ఖాళీగా పడి ఉండేది. కోటా సంఘానికిస్తే సభ్యులకు పంచుతుందని సర్కారుకీ అనిపించింది, నేతగాళ్లకీ అనిపించింది. దేశమంతటా చేనేత సంఘాలు పుట్టగొడుగుల్లా లేచింది ఆ రెండు మూడేళ్లలోనే. మన నిడుబ్రోలు, చీరాల వైపు ప్రగడ కోటయ్య గారు నేతగాళ్లను కూడగట్టింది ఈ తరంలోనే. 1945లో ప్యారేలాల్ రాయపూర్‌లో ఛత్తీస్‌గఢ్ బున్‌కర్ సహకారీ సంఘం స్థాపించారు. అక్కడి నేతగాళ్లలో దేవాంగన్లు ఎక్కువ. మన దేవాంగులకు ఈ కథ వేరే విప్పి చెప్పనక్కర్లేదు.

మగ్గం ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో ఒక్కసారి లోపలికి వెళ్లి చూడండి. ముందు గదిలో సగం మగ్గానిదే. గుంట మగ్గమైతే నేల తవ్వి మోకాళ్ల లోతు గొయ్యి, అందులో తొక్కుడు చెక్కలు. పడుగు పరచడానికి గోడ నుంచి గోడకు పొడవు కావాలి. కండెలు చుట్టే రాట్నం ఇంకో మూల, అక్కడ ఇంటావిడ. వంటకు, పడకకు మిగిలిన జాగా. తొలకరి వాన గట్టిగా కొడితే నీళ్లు ముందు దిగేది ఆ గుంటలోకే. పడుగు తడుస్తుంది, గంజి వదిలేస్తుంది, పోగు తెగుతుంది. గుంట ఆరేదాకా కూలి లేదు. కాబట్టి నేతగాడి ఇంటి కప్పు బాగు చేయించడమంటే కార్ఖానా బాగు చేయించడమే. ఈ సంగతి మన ప్రభుత్వాలకు అర్థమై, మగ్గానికి చోటుండేలా ఇల్లు కట్టించాలన్న ఆలోచన పథకాల్లోకి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1945 సంఘం నూలు ఇచ్చింది, నేసిన బట్ట కొన్నది. ఇంటి పైకప్పు ఎవరిది వాళ్లదే.

అదే 1945లో లఖే గారి చివరి పెద్ద ప్రయత్నం బలోదాబజార్‌లో రైతుల సహకార రైస్ మిల్లు. మైదానంలో ప్రధాన పంట వరే, దేశం దీన్ని ధాన్యపు గిన్నె అంటుంది. గిన్నె రైతుది, గరిటె మిల్లరుది. వడ్లమ్మి చేతులు దులుపుకుంటే బియ్యం మీద లాభం, తవుడు, నూక, ఊక అన్నీ మిల్లరుకే. మిల్లే రైతులదైతే అవి ఊళ్లోనే ఉంటాయి. స్థానిక ఆర్థికాభివృద్ధి అని ఇప్పుడు సెమినార్లలో వినే మాటకు అసలు రూపం ఇదీ. 1948లో లఖే కన్నుమూశారు.

ప్యారేలాల్ కాంగ్రెస్ వదిలి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరారు. 1952లో నాగపూర్‌లో కొలువైన అప్పటి మధ్యప్రదేశ్ శాసనసభలో ప్రతిపక్ష నాయకులయ్యారు. ఆఖరి రోజుల్లో మన పోచంపల్లిలో పుట్టిన భూదానం ఆయనను లాక్కుంది. 1954 అక్టోబర్‌లో భూదాన పాదయాత్రలోనే ప్రాణం విడిచారు. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సహకార రంగంలో పనిచేసినవాళ్లకు ఏటా ఆయన పేరుతో సన్మానం చేస్తుంది. ఆయన తర్వాత సంఘాలు క్రమంగా రిజిస్ట్రారు కచేరీకి తోకలయ్యాయని, ఎన్నికల్లో పెద్ద రైతుల చేతికి పోయాయని చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగే పదిమంది పోయి ఫారాలు నింపే గుమాస్తా వచ్చాడు.

మాల్గుజారీ 1951లో రద్దయింది. 1955లో భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959లో మొదటి కొలిమి వెలిగింది. రైల్వే పనుల మీద మనవాళ్లు అప్పటికే చేరి ఉన్నారు, 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఆ దారి ఇంకా తెరుచుకుంది. ఉక్కు ఇంకొందరిని లాగింది. రైల్వే ఉద్యోగికి, ఉక్కు ఉద్యోగికి క్వార్టరుంది. ఇటుకలు మోసేవాడికి, రిక్షావాడికి, రైస్ మిల్లు హమాలీకి లేదు. రాయపూర్ చెరువుల ఊరు. ఆ చెరువు గట్ల మీద, నాలాల పక్కన, పట్టాల వెంట గుడిసెలు లేచాయి.

వీళ్లకు మొదటిసారి కాగితం వచ్చింది 1984లో. అప్పటి ఉమ్మడి మధ్యప్రదేశ్‌లో అర్జున్ సింగ్ ప్రభుత్వం చట్టం చేసింది. ఆ ఏడాది ఏప్రిల్ 10 నాటికి పట్టణంలో సర్కారు జాగాలో గుడిసె వేసుకున్న భూమిలేని మనిషికి 50 చదరపు మీటర్ల దాకా పట్టా. అంటే మన లెక్కలో అరవై గజాలు. జేసీబీ భయం లేకుండా ఒక్క రాత్రి నిద్రపోవడం విలువేమిటో ఆ గుడిసెల్లోవాళ్లనే అడగాలి. గొప్ప చట్టమే అది, సందేహం లేదు. కానీ ఆ జాగా పిల్లలకు వస్తుంది గానీ అమ్మకూడదన్నారు. శాశ్వత పట్టా అన్నది కూడా 30 ఏళ్లకే. అమ్మడానికి వీల్లేని జాగా మీద బ్యాంకు అప్పివ్వదు. దాంతో పట్టా చేతిలో ఉన్నా గోడ మట్టిదే, రేకు కప్పే.

తర్వాతి పథకాల జాబితా మన పాఠకులకు కొత్త కాదు. 2005లో కేంద్రం నెహ్రూ పేరిట తెచ్చిన పట్టణ పథకంలో రాయపూర్ కూడా ఉంది, పేదలకు నాలుగంతస్తుల ఫ్లాట్లు లేచాయి. 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. జాగా ఉన్నవాడికి అందులో కేంద్రం లక్షన్నర ఇచ్చింది, పైన రాష్ట్రం వాటా. పునాది దాకా లేస్తే ఒక ఫొటో, లింటల్ మట్టానికి ఒక ఫొటో, శ్లాబు పడితే ఒక ఫొటో, ఒక్కో ఫొటోకి ఒక్కో విడత. ఛత్తీస్‌గఢ్‌లో ఈ భాగానికి ‘మోర్ జమీన్ మోర్ మకాన్’ అని పేరు పెట్టారు. ఫ్లాట్లకన్నా ఇదే మేలని నా అభిప్రాయం. నాలుగో అంతస్తులో మగ్గం గుంట తవ్వుకోలేరు, బజ్జీల బండి నిలపలేరు, రిక్షా ఎక్కించలేరు. నేల మీద ఇల్లయితే ముందు గది దుకాణం అవుతుంది, వెనక గది అద్దెకు పోతుంది. ఇల్లు సంపాదించి పెడుతుంది. ఊరి చివర ఫ్లాటులో అది కుదరదు. ఇంతా చేసి ఇది సర్కారు సొమ్ము. లఖే, ప్యారేలాల్ తరహా సొమ్ము, అంటే యజమాని లేని జనం సొమ్ము, ఇంటి గోడ దాకా వచ్చిన చోటు ఒకటి చెప్పాలంటే రాయపూర్ వదిలి దక్షిణాన గనుల్లోకి దిగాలి.

దల్లీ రాజహరా. భిలాయి కొలిములకు ఇనుప ఖనిజం ఇక్కడి నుంచే. 1977 నాటికి ఇక్కడ రెండు రకాల కార్మికులు. ఉక్కు కర్మాగారం పేరోలు మీద ఉన్నవాళ్లు, కాంట్రాక్టర్ల కింద రాయి కొట్టి లారీలకెత్తే ఆదివాసీలు, ఛత్తీస్‌గఢీ పల్లెజనం. ఆ ఏడు పర్మనెంటు వాళ్లకు 308 రూపాయల బోనసు, కాంట్రాక్టు వాళ్లకు 70. వీళ్లు పాత యూనియన్‌ను వదిలేసి ఎమర్జెన్సీ జైలు నుంచి అప్పుడే బయటికొచ్చిన శంకర్ గుహ నియోగిని తెచ్చుకుని, ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘం పెట్టుకున్నారు.

వాళ్ల తొలి కోరికల్లో ఒకటి చూడండి. తొలకరికి ముందు గుడిసె నేయించుకోవడానికి తలకు 100 రూపాయలు. వెదురు, గుంజల ఖర్చు. రాయపూర్ రైతు ఏటా చేసుకునే అదే పని. ఇక్కడ అడవి కంపెనీదీ సర్కారుదీ అయిపోయింది, వెదురు కొనాలి, కూలి రోజుకు మూడు నాలుగు రూపాయలు. మే నెలాఖరుకి యాజమాన్యం ఒప్పుకుంది. జూన్ 1న కాంట్రాక్టర్లు ఇవ్వం పొమ్మన్నారు. పని ఆగింది. జూన్ 2 రాత్రి పోలీసులు యూనియన్ గుడిసెలోంచి నియోగిని పట్టుకుపోయారు. మిగిలిన పోలీసులను జనం చుట్టుముట్టారు. ఆ రాత్రీ మర్నాడూ జరిగిన కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వాళ్లలో అనసూయాబాయి అనే కార్మికురాలు, సుదామా అనే పిల్లవాడు ఉన్నారు. ఇంటికోసం నడిచిన పోరాటాలు మన దేశంలో చాలా ఉన్నాయి, కప్పు మీద వెదురు మార్చుకోవడానికి వంద రూపాయలడిగి పదకొండు ప్రాణాలు పోగొట్టుకున్నది నాకు తెలిసి ఇదొక్కటే.

డబ్బు వచ్చింది. ఆ తర్వాత కూలీ పెరిగింది. పెరిగిన కూలీ సారా దుకాణానికే పోతుంటే యూనియన్ సారా మాన్పించే పని నెత్తికెత్తుకుంది, ఆడవాళ్లు ముందు నడిచారు. గనుల్లో పూర్తిగా యంత్రాలు దించుతామంటే వద్దని ఊరుకోలేదు. సగం మనిషి సగం యంత్రం పద్ధతిలో ఖర్చు తగ్గుతుందని లెక్కలు వేసి చూపించారు. బడులు పెట్టారు. 1979లో యూనియన్ ఉపాధ్యక్షురాలు కుసుమ్‌బాయి కాన్పులో వైద్యం అందక చనిపోయింది. అప్పుడు ఆసుపత్రి కట్టాలని నిశ్చయించారు. 1982 జనవరి 26న యూనియన్ గ్యారేజీలో డిస్పెన్సరీ మొదలైంది. బినాయక్ సేన్, ఆశీష్ కుండు, శైబల్ జానా వంటి డాక్టర్లు వచ్చి చేరారు. ఒకవైపు గోడలు లేస్తున్నాయి. తాపీ పని, మట్టి మోత అన్నీ కార్మికులవే, షిఫ్టు దిగి వచ్చి చేసినవి. 1983 జూన్ 3న, కాల్పులు జరిగి ఆరేళ్లయిన రోజున, 15 పడకల షహీద్ ఆసుపత్రి తెరిచారు. రిబ్బను కోసింది మంత్రులు కారు, ఒక ముసలి గని కార్మికుడు, ఒక రైతు.

మందులకు, నడపడానికి డబ్బు? బయటి విరాళాల మీద ఆధారపడకూడదని ముందే అనుకున్నారు. యూనియన్‌లో ఉన్న సుమారు పదివేలమంది ఒక్కో నెల గని భత్యం, ఇంటి అద్దె భత్యం ఇచ్చేశారు. అప్పటికి వాళ్లు ఉంటున్నవి అవే నాటు పెంకుల గుడిసెలు. ఆ డబ్బులో కొంత మందులకు పోయింది. కొంత పెట్టి పాత లారీ ఒకటి కొని దానికి నీళ్ల ట్యాంకు బిగించారు. ఆ లారీ గనుల్లో తాగే నీళ్లు సరఫరా చేసి తెచ్చిన కిరాయి డాక్టర్ల భత్యానికి సరిపెట్టారు. ఆసుపత్రి తర్వాతి కాలంలో వంద పడకలు దాటింది. నియోగిని 1991 సెప్టెంబర్ 28న భిలాయిలో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. షహీద్ ఆసుపత్రి అటు తర్వాత కూడా నడుస్తూనే ఉంది.

(వచ్చే వారం: భిలాయి క్వార్టర్లు, సెక్టార్ల వెనక లేచిన ఊళ్లు)